ఎంపీ గారికి పేడ గ్యాసు టీ

మా ఆయన సర్పంచి అయిన కొత్తలో, అంటే ఎనభైల మొదట్లో, పెద్దకడుబూరు పక్కనున్న మా ఊళ్ళో గోబర్ గ్యాసు ఉన్నది మా ఒక్క ఇంట్లోనే. మిగతా ఆడవాళ్ళంతా పత్తికట్టె పొయ్యి ఊదుకుంటూ, కళ్ళు వాచిపోయేలా వండేవాళ్ళు. పక్కింటావిడ పొద్దున్నే వచ్చి, మా వంటింట్లో పొగలేని ఆ నీలం మంట వంక చూస్తూ నిలబడేది. "మాకెప్పుడొస్తాదక్కా ఇది?" అని నన్ను పట్టుకుని అడిగేది. నేనేం చెప్పను? వెళ్ళి మా ఆయన ప్రాణం తీసేదాన్ని.

చివరికి మా ఆయన చుట్టుపక్కల సర్పంచులను కూడగట్టి ఆదోనికి పోయి, ట్రావెలర్స్ బంగళాలో దిగిన ఎంపీ గారిని కలిశాడు. ఊరూరా గ్యాసు ప్లాంట్లకు సాయం కావాలి, ఢిల్లీలో మీరు గట్టిగా మాట్లాడాలి అని అడిగారట. ఎంపీ గారు నమ్మీ నమ్మనట్టు విని, "మీ ఇంటికే వస్తా. ఆ గ్యాసు మీద కాసిన టీ తాగి, బాగుంటే మాట్లాడతా" అన్నారట. ఒక గ్లాసు టీతో పనైపోతుందా అని నేను నవ్వాను. మా ఆయనకు నవ్వు రాలేదు.

ఎంపీ గారు వచ్చిన రోజు మా వసారా సర్పంచులతో నిండిపోయింది. ఎంపీ గారు వంటింటి గడప దాకా వచ్చారు. నేను పొయ్యి వెలిగించి చూపిస్తే, వంగి చూసి తలాడించి, వెళ్ళి మంచం మీద కూర్చున్నారు. నేనింకా పాలు పొయ్యి మీద పెట్టనే లేదు, మా అత్త పెరటి తలుపులోంచి టీ గిన్నె పట్టుకుని వచ్చేసింది. గిన్నె అడుగంతా మసి. గ్యాసు మీద పెడితే గిన్నెకు మసి అంటదు. నేను నోరు తెరిచేలోపే గ్లాసులు వసారాలోకి వెళ్ళిపోయాయి.

ఎంపీ గారు ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశారు.

"ఏమనుకోవద్దు సర్పంచీ, పేడ వాసన వస్తాంది. దీన్ని ఊరూరా ఇయ్యమని ఢిల్లీలో ఏ మొగం పెట్టుకుని అడిగేది?"

కట్టెల మీద కాచిన టీలో పేడ వాసనా! మా ఆయన ముఖాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. కొడుకును అలా చూసి మా అత్త ఆగలేకపోయింది.

"సారూ, అది కట్టెల మీద కాసిన టీ. దాంట్లో పేడ వాసన యాడిదప్పా? మీయంత పెద్దోళ్ళకు పేడ మంట మీద కాసి ఎట్ల ఇచ్చేదని పెరట్లో కాసినాను."

నిజం బయటపడింది, ఇక ఈ పెద్దమనిషి సిగ్గుపడి దారికొస్తాడు అనుకున్నాను, వెర్రిదాన్ని. సిగ్గూ లేదు, ఏమీ లేదు. కండువా సర్దుకుని లేచారు.

"మీ అమ్మే నమ్మని పొయ్యిని ఢిల్లీ యాడ నమ్ముతాది సర్పంచీ?"

జీపు వెళ్ళిపోయింది. సర్పంచులు ఒక్కొక్కరే చెప్పులు తొడుక్కున్నారు. నాకు ఒళ్ళు మండిపోతోంది, కానీ ముసలామెను ఏమనగలను? మా ఆయన వాళ్ళమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, మేమంతా రోజూ ఆ పొయ్యి మీది కూడే కదా తింటాండేది? నువ్వూ తింటాండావు కదా?"

మా అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇందులో తను చేసిన తప్పేమిటో ఆమెకు నిజంగానే తెలియలేదు.

"మనం తింటే ఏమప్పా," అంది, "మనం ఎవురని?"