మొక్కు అమ్మది, జుట్టు నాది

ఇప్పటి పిల్లలు నెలకో రంగు జుట్టుతో ఆఫీసులకు పోతుంటే ఎవరూ తల తిప్పి కూడా చూడటం లేదు. మా చిత్తూరులో ఆ రోజులు వేరు. మరీ పాతకాలమేమీ కాదు, ఓ పద్నాలుగేళ్ళ కిందటి మాటే. అప్పట్లో ఆడపిల్ల జుట్టు ఆ పిల్ల ఒక్కదానిదే కాదు. నూనె పెట్టేది అమ్మ, ఎంత పొడుగు పెరిగిందో చూసి చెప్పేది పక్కింటివాళ్ళు, కత్తెర పెట్టొద్దని హుకుం వేసేది నాయన. అవసరమొస్తే దాన్ని దేవుడికి రాసిచ్చే హక్కు కూడా ఇంట్లోవాళ్ళదే. నాది అట్లాగే రాసిచ్చేశారు. నన్నొక మాట అడగను కూడా లేదు.

నాయన స్కూలు వ్యాను నడిపేవాడు. ఆ ఏడాది ఎండలు మొదలయ్యేవేళకు ఆయనకు గుండెనొప్పి వచ్చి తిరుపతిలో ఆసుపత్రిలో చేర్చాం. లోపల స్టెంటు వేస్తుంటే అమ్మ వరండాలో కొండవైపు తిరిగి, చేతులు జోడించి, "సామీ, ఈయప్ప లేసి తిరిగితే నా బిడ్డ తలనీలాలు నీకిస్తా" అంది. పక్కనే బెంచీ మీద ఇడ్లీ తింటున్న నాకు మింగుడు పడలేదు. (మామూలుగా ఎవరికి బాగాలేకపోతే వాళ్ళ జుట్టే మొక్కుతారు. కానీ నాయనకు ముప్పయ్యో ఏటికే నెత్తి నున్నగా అయిపోయింది, స్వామికి ఇవ్వదగ్గ సరుకు ఆయన దగ్గర లేదు.) పోనీ, అమ్మకు నడుం దాకా జడ ఉంది కదా, అదీ నల్లగా నిగనిగలాడుతూ! దాన్నలా ఉంచుకుని నా జడ మీద పడటం ఏం న్యాయమని లోపల్లోపల కుమిలిపోయాను. కానీ నాయన ఆ తలుపు వెనకాల ఉన్నాడని, మిగిలిన ఇడ్లీ పొట్లం కట్టేసి అమ్మ పక్కకు పోయి నిలబడ్డాను.

నాయన లేచాడు, తిరిగాడు, మళ్ళీ వ్యాను తోలతానని డాక్టరుతో గొడవ కూడా పెట్టుకున్నాడు. మూడు నెలల దాకా కొండెక్కొద్దన్నారు కాబట్టి జులై ఆఖరుకు దర్శనం టికెట్లు తీశాం. ఈలోగా నాకు బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. గుజ్జును తెల్ల కప్పులో పోసి, రంగుల చార్టు పక్కన పెట్టి, ఏ గడిలో రంగుకు సరిపోతుందో రాయడం మా పని. నాకా పని నేర్పిన సీనియరును అందరూ చార్టక్క అనేవారు. ఆమె కంటికి రంగు కనిపించేది కాదు, నంబరు కనిపించేది. నా జుట్టు సంగతి విని చార్టక్క ఒక్క మాటంది: "ఎట్లాగూ పోయే జుట్టే గదా పాపా. పోయేలోపల ఒక్కసారన్నా సోకు చేస్కో." కూలగొట్టబోయే ఇంటి గోడకు నచ్చిన సున్నం కొట్టుకుంటే అడిగేదెవరు? ఇరవై మూడేళ్ళ వయసులో నాకు ఇంతకన్నా తిరుగులేని వాదన తోచలేదు.

ఒక ఆదివారం అమ్మా నాయనా పలమనేరుకు పెళ్ళికి పోయారు. ఫ్యాన్సీ షాపులో కొన్న ద్రాక్షపండు రంగు డబ్బా, దానికి ముందు పట్టించాల్సిన బ్లీచు పొడి పట్టుకుని చార్టక్క మా ఇంట్లో దిగింది. నల్ల జుట్టు మీద ద్రాక్ష రంగు కనపడదట, ముందు నలుపును వదలగొట్టాలట. అరగంట ఉంచి కడిగేస్తే చాలన్నారట షాపువాళ్ళు. నెత్తికి నీలం బ్లీచు ముద్ద పట్టించుకుని, ప్లాస్టిక్ కవరు చుట్టుకుని పెరట్లో స్టూలు మీద రాణిలా కూర్చున్నాను. సరిగ్గా ఇరవై ఐదో నిమిషంలో కరెంటు పోయింది. మోటారు లేదు, ట్యాంకులో చుక్క లేదు, ఉన్నదల్లా వంటింట్లో బిందెడు తాగే నీళ్ళు. ఆ నీళ్ళు నా నుదుటి దాకా కూడా సరిపోలేదు. చార్టక్క బకెట్టు పట్టుకుని వీధంతా తిరిగి నీళ్ళు తెచ్చేసరికి గంటన్నర దాటింది. కడిగాక ఆమె నా జుట్టును వెలుతురులోకి లాగి, ఒక కన్ను మూసి చూసింది. "తోతాపురి గుజ్జు. ఏడో నంబరు. రంగైతే మస్తుగా ఉండాది" అంది. తర్వాత నా మొహం చూసి, ద్రాక్ష రంగు డబ్బా మూతైనా తీయకుండా, డ్యూటీ ఉందని చెప్పి వెళ్ళిపోయింది. (ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు.)

సాయంత్రం అమ్మ వచ్చింది. తిడుతుందనుకున్నాను, చీపురు తీస్తుందనుకున్నాను. రెండింటికీ సిద్ధంగానే ఉన్నాను. అమ్మ గడప మీద కూలబడి, నా నెత్తి వంక చూసి, "సామి సొమ్ము గదమే అది" అంది. "అప్పజెప్పేలోపలే చెడగొట్టేస్తివే. మీ నాయనకు వచ్చే నెల చెకప్పు ఉండాది. మొక్కు కుంటుపడి, ఆయనకేమన్నా అయితే..." అని ఆపేసింది. అప్పటిదాకా అది జుట్టు గొడవే అనుకున్నాను. అమ్మకు మాత్రం నాయన ప్రాణం ఆ జడ కొసకు వేలాడుతోందని ఆ నిమిషం అర్థమైంది. సిగ్గేసింది. భయమూ వేసింది.

మరునాడు తెల్లవారగానే అమ్మ నా తలకు తుండుగుడ్డ చుట్టి కాణిపాకం బస్సెక్కించింది. మా జిల్లాలో మాట మీద నమ్మకం కుదరకపోతే అక్కడికి తీసుకెళ్ళి వినాయకుడి ముందు ప్రమాణం చేయించడం మామూలే. పొలం గట్ల తగాదాలవాళ్ళు, తాగుడు మానతామనే వాళ్ళు వస్తారు. జుట్టు కేసు బహుశా మాదొక్కటే. "ఇంగ జన్మలో రంగు జోలికి పోనని చెప్పు" అంది అమ్మ. చెప్పాను, కళ్ళు మూసుకుని మనస్ఫూర్తిగా చెప్పాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని శనక్కాయలు వలుస్తున్న అమ్మ ఉన్నట్టుండి ఆగిపోయింది. "మే... ఇప్పుడు దీన్ని నలుపు చేసేదెట్లా?" అంది. నల్ల రంగు కూడా రంగే. వెనక్కి పోయి ప్రమాణం తిరిగి తీసుకునే పద్ధతి అక్కడ లేదు.

అయితే అమ్మ ఓడిపోయే మనిషి కాదు. ఇల్లు చేరేలోపల సూత్రం కనిపెట్టేసింది. అంగట్లో డబ్బాలో అమ్మేది రంగు, వంటింట్లో దొరికేది వైద్యం. ఇక మూడు వారాలు నా నెత్తి మీద జరిగిన వైద్యం అంతా ఇంతా కాదు. టీ డికాషన్‌తో తడిపితే గుజ్జు రంగు కాస్తా మామిడి తాండ్ర రంగయింది. కరక్కాయ అరగదీసి పట్టిస్తే తాండ్ర ఎండిపోయినట్టయింది. ఇనప పెనంలో ఉసిరి పొడి నానబెట్టి పూస్తే అక్కడక్కడా నల్లబడి, మిగతాది పచ్చిమామిడి తొక్కలా ఒక రకం ఆకుపచ్చకు తిరిగింది. కరివేపాకు నూనె, గుంటగలగరాకు పసరు, మందారాకు ముద్ద, ఏదీ వదల్లేదు. నాయన కంచం ముందు కూర్చుని, "రసంలోకి కరేపాకు లేదంటావు, టీకి పొడి లేదంటావు. అంతా దాని నెత్తికే పెడితే నాకేం పెడతావే?" అనేవాడు. "నీకోసరమే ఈ తిప్పలన్నీ" అని అమ్మ కసిరేది. ఫ్యాక్టరీలో తలకు టోపీ పెట్టుకునే నియమం ఉండబట్టి బతికిపోయాను. చార్టక్క మాత్రం ప్రతి సోమవారం టోపీ అంచు ఎత్తి చూసి, పెదవి విరిచి, "రిజెక్టు" అనేది.

టికెట్ల రోజు వచ్చింది. కళ్యాణకట్ట దగ్గర నాయన బయట ఉండిపోయాడు, మేమిద్దరం ఆడవాళ్ళ వైపు లోపలికి పోయాం. నీళ్ళ వాసన, బ్లేళ్ళ చప్పుడు, పసిపిల్లల ఏడుపు. నా వంతు వచ్చాక గుండు చేసే అక్క ముందు కూర్చున్నాను. ఆమె తుండుగుడ్డ లాగింది. మూడు రంగుల జుట్టు బయటపడింది. ఆమె ఏమీ అనకముందే అమ్మ చేతులు జోడించేసింది. "తల్లీ, తప్పయిపోయినాది. సామికని మొక్కిన జుట్టుకు ఈ పిల్ల రంగేసింది. నలుపు చేద్దామని సూసినా, కుదర్లేదు. ఇది సెల్లుతాదా సెల్లదా, నువ్వే చెప్పు" అని గడగడా ఒప్పేసుకుంది. ఆ అక్క కొండమీద రోజుకెన్ని తలలు చూస్తుందో! నా నెత్తి మీద నీళ్ళు పోస్తూ, "ఈడికి రంగు లేని జుట్టు వచ్చేదే తక్కువమ్మా. వంచు పాపా" అంది. అంతే తీర్పు. మూడు వారాల భయాన్ని ఒక చెంబు నీళ్ళతో కడిగేసింది.

నా గుండు ముగిసి లేస్తుంటే అమ్మ నా స్థానంలో కూర్చుంది. ఆమె పిడికిట్లో ఇంకో టోకెను ఉంది. "నువ్వెందుకమ్మా? చెల్లుతుందని చెప్పింది కదా!" అన్నాను. "ఆయమ్మ సెప్పింది, సామి సెప్పలేదు గదా. దాంట్లో ఏమన్నా తక్కువబడి ఉంటే నాది కూడా కలుపుకోనీ" అంటూ జడ విప్పేసింది. ఆ అక్క తడిపి పాయ తీయగానే చూశాను. కుదుళ్ళ దగ్గర వేలు మందాన తెల్లగా ఉంది. నిండా తెలుపే, ఒక్కటి కూడా నలుపు లేదు. నేను నోరు తెరిచాను. అమ్మ తల వంచుకునే చెప్పింది: "పదేండ్లుగా రంగేస్తాండా. నువ్వు స్కూలుకు పోయినాక, కాలేజీకి పోయినాక, పనికి పోయినాక ఏసుకుంటా ఉంటి. ఈ మూడు వారాలు నీ నెత్తితోనే సరిపాయ, నాకు పట్టించుకునేదానికి తీరిక లేకపోయ." మళ్ళీ ఇంకాస్త మెల్లగా అంది. "నాది రంగు జుట్టనే గదా పాపా ఆ రోజు నీది మొక్కింది. మీ నాయన ప్రాణానికి బదులు అడిగేటప్పుడు ఇంట్లో ఉండే మంచిది ఇయ్యాల గదా. మనింట్లో మంచిది నీదొకటే ఉన్నింది."

ఆసుపత్రి వరండా నుంచి లోపల దాచుకున్న కోపం ఆ తడి నేల మీద ఎక్కడికి పోయిందో తెలియదు. ఏడుపొచ్చింది. గుండు మీద గంధం రాస్తున్నావిడ బ్లేడు గీసుకుందనుకుని నా తలంతా వెతికింది.

బయటికొచ్చాక నాయన మమ్మల్నిద్దరినీ చూసి, ముందు గుర్తుపట్టక పక్కకు చూశాడు. తర్వాత గుర్తుపట్టి, తన బట్టతల తడుముకున్నాడు. "ఇంగ మనింట్లో దువ్వెనకు పనే లేదు" అన్నాడు చివరికి. (అమ్మకు రంగు ప్యాకెట్లు తెచ్చిపెట్టింది పదేళ్ళుగా ఈయనే అని తర్వాత బయటపడింది. ఈ ఇంట్లో తెలియనిదాన్ని నేనొక్కదాన్నేనట.) ఆ పై నెల చెకప్పులో డాక్టరు అంతా బాగుందన్నాడు. అది ఎవరి జుట్టు వల్లో అమ్మ ఎప్పుడూ తేల్చి చెప్పలేదు. ఆమెకు మళ్ళీ వచ్చిన జుట్టు తెల్లగా వచ్చింది, దానికింక రంగు వేయలేదు.

ఆ రోజు చిత్తూరు బస్సులో ముగ్గురం ఒకే సీట్లో కూర్చున్నాం. ఎదురు సీటులో పెద్దావిడ అమ్మను, నన్ను మార్చి మార్చి చూసి, "జుట్టు లేకుంటే తల్లీబిడ్డా ఒకే మొగం" అంది. ఇరవై మూడేళ్ళ పిల్లను పట్టుకుని యాభై దాటినామెతో పోలుస్తుందా అని నాకు తగని కోపం వచ్చి, కొంగు నెత్తి మీదికి లాక్కుని దిగేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. ఈ మధ్య తలస్నానం చేసి, తడి జుట్టును వెనక్కి గట్టిగా చుట్టి అద్దం ముందుకు పోయేసరికి అందులో అమ్మ నిలబడి ఉంది. నవ్వొచ్చింది. ఆ పెద్దావిడ ఇప్పుడెక్కడైనా కనపడితే, ఆ మాట ఇంకొక్కసారి అనవా అవ్వా అని అడగాలని ఉంది.