ధర్మపురిలో హాలీవుడ్ తద్దినాలు

మా రంగనాథన్ మామ కౌబాయ్ సినిమాలు తీసినవాళ్ళకు తద్దినాలు పెడతాడు. హీరోలకు కాదు. "హీరోలకు తిథి పెట్టేదానికి వాళ్ళ పిల్లకాయలు ఉండారు. తెర వెనకాల కష్టపడినోళ్ళకు ఎవురు ఉండారు?" అంటాడు.

మామ సెంట్రింగ్ మేస్త్రీ. స్లాబు కింద చెక్కలు బిగించి, అది గట్టిపడగానే విప్పేసే పని. ఆయన లెక్కలో ఆ పాత సినిమాల్లో గొప్పవాడు తుపాకీ పట్టినవాడు కాదు, ఎడారి మధ్యలో చెక్కలతో ఊరు కట్టి, షూటింగ్ అవగానే విప్పేసిన వడ్రంగి. మొదటి తద్దినం ఆయనకే. ఫోటో దొరక్కపోతే ఖాళీ ఫ్రేముకు పూలమాల వేసి, ముందు విస్తరి వేశాడు. తర్వాత టోపీలు కుట్టినాయనకు, సారా కొట్టుకు బోర్డు రాసినాయనకు. మొదట్లో నెలకొకరు పోయేవారు. ఈ మధ్య రోజుకొకరు పోతున్నారు.

"ఈ పొద్దు ఎవురు?" అని తిమ్మత్త పొయ్యి దగ్గర్నుంచి అడుగుతుంది.

"గుర్రాలు పరిగెత్తేటప్పుడు వెనకాల దుమ్ము లేపినాయన."

"ఆయనకేం ఇష్టం?"

"వంకాయ పులుసు. కారం తక్కువ."

అమెరికాలో పోయినవాళ్ళందరికీ వంకాయ పులుసే ఇష్టం. ఒక్కరికీ కారం పడదు.

తద్దినమన్నాక పోయినవాళ్ళ తరఫున ఒక పెద్దాయన కూర్చుని తినాలి. ఆ పెద్దాయన ఎప్పుడూ పక్కింటి సదాశివం తాతే. ఒకప్పుడు టూరింగ్ టాకీసులో ఆపరేటరు. ఆ సినిమాలన్నీ మా ఊరికి చూపించింది ఆయనే.

మొన్న తాత భోంచేస్తుండగా నేను ఊరికే ఉండలేక ఫోనులో వెతికాను. "మామా, దుమ్ము లేపినాయన బతికే ఉండాడు. పోయిన వారం టీవీలో మాట్లాడినాడు."

మామ నన్ను వంటింట్లోకి లాక్కుపోయాడు. "మెల్లగా మాట్లాడు పాపా. తాత వింటాడు."

అత్త గొంతు తగ్గించి చెప్పింది. "అవ్వ పోయినాక తాత పొయ్యి ముట్టించలేదు. టీ, బన్నుతోనే ఉండినాడు. రోడ్డులో కళ్ళు తిరిగి పడినాడు. క్యారియర్ పంపిస్తే, నేనేమన్నా బిచ్చగాణ్ణా అని తిరగ్గొట్టినాడు. తిథి అన్నం అయితే మాత్రం కాదనడు."

నాకు మామ మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ వెంటనే భయం కూడా వేసింది. తాత వినుంటే రేపటినుంచి రాడు.

మేము బయటికొచ్చేసరికి తాత చెయ్యి కడుక్కుంటున్నాడు. "రంగా, ఆ దుమ్మాయన బతికే ఉండాడంట కదా" అన్నాడు.

మామ గబగబా తాత చేతికి తువ్వాలు అందించాడు.

"బతికినోళ్ళకు తిథి పెట్టేది పాపంరా. ఇంక మనుషులు వద్దు."

"అయితే రేపు రావా, పెద్దనాయనా?" అంటూ మామ గుమ్మం దాకా వెంట నడిచాడు.

తాత చెప్పులు తొడుక్కున్నాడు. "గుర్రాలకు పెట్టు. అవైతే కచ్చితంగా పోయింటాయి. నేను చూపించిన సినిమాల్లో గుర్రాలు శానా ఉండాయి."

ఈసారి ఏం ఇష్టమని అత్త అడగలేదు. లోపలికి పోయి ఉలవలు నానబోసింది.