భయానికి వేసిన మార్కులు

కరోనా తగ్గి ఐటీ ఆఫీసులు మళ్లీ తెరుచుకున్న ఏడాది నన్ను గచ్చిబౌలిలోని ఒక రవాణా సంస్థకు పంపారు. ఉద్యోగుల సామర్థ్యాన్ని మదింపు చేసే కంపెనీలో అప్పట్లో నేను సీనియర్ అనలిస్టును. ఆ సంస్థ ఐటీ ఉద్యోగులకు క్యాబులు నడిపేది. ఏ క్యాబు ఎవరిని ఎక్కించుకోవాలో అంతవరకు డెస్కు సిబ్బంది ఫోన్లలో మాట్లాడి కాగితం మీద రాసుకునేవారు. ఇకపై అదంతా కంప్యూటర్‌లో చేయాలి. ఎవరు చేయగలరో తేల్చడం నా పని.

మా పద్ధతిలో మూడు కొలతలుంటాయి. కంప్యూటర్ మీద మనిషికున్న అభిప్రాయం, దానివల్ల కలిగే ఆందోళన, దానితో పనిచేసే నైపుణ్యం. మొదటి రెండింటికీ ప్రశ్నపత్రం ఉంటుంది. "కంప్యూటర్ ముందు కూర్చుంటే నాకు గుండె దడ వస్తుంది" వంటి వాక్యాలిచ్చి, ఎంతవరకు నిజమో ఐదు గడుల్లో ఒకదానిలో టిక్కు పెట్టమంటాం. మూడోదానికి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి పని చేయిస్తాం. పత్రాల మీద పేర్లు వద్దన్నాను. ఉండాల్సిందేనని ఆపరేషన్స్ మేనేజర్ పట్టుబట్టారు.

పత్రాలు చూస్తే డెస్కులో ఎవరికీ ఏ భయమూ లేదు, ఒక్క యాదగిరి గారికి తప్ప. ఆయన పూర్వం డ్రైవరు. ప్రమాదంలో మోకాలు దెబ్బతిన్నాక డెస్కుకు మారారు. భయం గురించిన ప్రతి వాక్యానికీ 'పూర్తిగా నిజం' అని టిక్కు పెట్టారు.

మేనేజర్ గారికి అది చాలు. "ఈయన్ని గేటు డ్యూటీకి పంపేద్దామండి. మిగతావాళ్లంతా రెడీగానే ఉన్నారుగా" అన్నారు. గేటు డ్యూటీ అంటే రోజంతా నిలబడాలి. నైపుణ్య పరీక్ష కాకుండా నివేదికపై సంతకం చేయనని చెప్పాను. ఆయనకు నచ్చలేదు గానీ, సంతకం లేని నివేదికను వాళ్ల పై ఆఫీసు తీసుకోదు.

పరీక్షకు ముందు యాదగిరి గారు నా దగ్గరికొచ్చారు. "మేడం, అందరు భయం లేదనే రాసిన్రంట. జర ఆ కాగితం మళ్ల ఇస్తరా, మార్చి రాస్త" అన్నారు. ఒకసారి తీసుకున్న పత్రం తిరిగి ఇవ్వకూడదన్నాను.

"మరి నిజం రాయమంటిరి గద."

నేను అలా అన్న మాట వాస్తవమే.

పరీక్షలో ఒక్కొక్కరూ ఒక షిఫ్టుకు క్యాబులు కేటాయించాలి. భయం లేదన్నవారిలో ఇద్దరు లాగిన్ దగ్గరే ఆగిపోయారు. ఒకాయన మాదాపూర్ రూటు మొత్తం చెరిపేసి, అయిపోయిందని చేతులు కట్టుకు కూర్చున్నారు. యాదగిరి గారు చెమట తుడుచుకుంటూ, "ఇది నొక్కితే ఏమైతది మేడం" అని అడుగుతూ గడువు దాటాక ముగించారు. ఆలస్యానికి మార్కులు తగ్గించాను. అయినా పాసయ్యారు. మొదటి స్థానం కొత్తగా చేరిన ఒక డిగ్రీ అమ్మాయిది.

డెస్కు మొత్తానికీ శిక్షణ కావాలని, ఎవరినీ మార్చనవసరం లేదని రాసి సంతకం చేశాను. పై ఆఫీసు ఒప్పుకుంది. కొన్ని నెలల తర్వాత మళ్లీ కొలవడానికి వెళ్తే యాదగిరి గారు డెస్కులోనే ఉన్నారు. భయం ఎలా ఉందని అడిగాను.

"అట్లనే ఉంది మేడం. పని గూడ అయితుంది."

ఆందోళన, నైపుణ్యం వేర్వేరు కొలతలని చదువుకునే రోజుల్లోనే పరీక్షలో రాశాను. పేరు రాయించుకుని అడిగితే మనిషి ఆ కాగితం ఎవరు చదువుతారో చూసుకుని జవాబిస్తాడని మాత్రం అక్కడే తెలిసింది. రిటైరయ్యేదాకా పేర్లు అడిగే సంస్థల పని మళ్లీ ఒప్పుకోలేదు. అందువల్ల మా కంపెనీకి కొన్ని కాంట్రాక్టులు పోయాయి.