రాజవ్వ చెయ్యి, రెండు పళ్లేల మెంతులు

2024 జూన్. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. బీఎస్సీ అగ్రికల్చర్ పట్టా అందిన నెలకే మంచిర్యాల వైపు ఒక బొగ్గుగని కాలనీలో పెరటి తోటలకు సలహాలిచ్చే ఉద్యోగం దొరికింది. మొదటి వారమే రాజవ్వ క్వార్టర్‌కు వెళ్లాను.

రెండేళ్లుగా ఆమె పెరట్లో ఏం వేసినా చచ్చిపోతోంది. మా దిక్కు మొదటి గింజ మంచి చెయ్యి ఉన్నవాళ్లతో పెట్టిస్తారు.

"నా చెయ్యే మంచిది కాదంటుండ్రు బిడ్డా. ఇత్తులు పెట్టంగ నన్నెవలు పిలుస్తలేరు. నేను గూడ ముట్టుడు బంద్ జేసిన," అంది.

పెరటి మూలన గుంతలో మాగబెట్టిన కంపోస్టు చూపించింది. "గింత నల్లగైంది, ఇంకేం మాగాలె?" అన్నాడు ఆమె భర్త మల్లయ్య. వాసన చూశాను. మాగిన కంపోస్టుకు తొలకరి మట్టి వాసన రావాలి. దీనికి పొయ్యి వాసన వచ్చింది. నలిపితే గరగరలాడింది.

"పొయ్యి బూడిద ఎక్కడ పోస్తరు పెద్దమ్మా?"

"ఇంకెక్కడ? గీ గుంతలనే. చెట్లకు మంచిదే గదా."

కట్టెల బూడిద కొంచెమైతే మంచిదే. వీళ్లది బొగ్గు పొయ్యి. మొక్కలను మాడ్చే ఆ బూడిద, బొగ్గు నుసి అంతా గుంతలోకే పోయింది. ఆ నలుపు దానిదే. చెప్పినా నమ్మలేదు.

అందుకే జర్మినేషన్ టెస్ట్, అంటే మొలక పరీక్ష పెట్టాను. ఒక పళ్లెంలో ఆమె కంపోస్టు, ఇంకోదాంట్లో మా ఆఫీసు కంపోస్టు యార్డులో మాగింది. మెంతులు నేను ముట్టలేదు. రెండింట్లో ఆమెనే చల్లమన్నాను.

"నా చేత్తోనా? పాడైతయ్ బిడ్డా."

"పాడైతే పూచీ నాది."

"పట్టా ఉన్న పిల్ల పూచీ పడ్తుంటే నీకేం ఫికరే? సల్లరాదు," అన్నాడు మల్లయ్య.

ఐదో రోజు వెళ్లేసరికి రాజవ్వ వాకిట్లోనే ఉంది. మా పళ్లెం నిండా పచ్చటి మొలకలు. ఆమె దాంట్లో నాలుగైదే, అవీ కొసలు మాడి ఉన్నాయి.

"రెండు నేనే సల్లిన గద," అంది మెల్లగా, అరచెయ్యి చూసుకుంటూ.

ఆ రోజే బూడిద పడని మూల ఎంచుకున్నాం. మాగిన కంపోస్టు రెండు వేళ్ల మందం పరిచి, జానెడు లోతు మట్టిలో కలిపాం. వారం తడిపాక ఆమె బీర గింజలు పెట్టింది. ఆ వానాకాలమే పందిరి నిండింది.

మొన్న ఫోన్ చేసింది. "పక్కింటామె సొరగింజలు తెచ్చింది బిడ్డా, నీ చేత్తోనే పెట్టాలె అన్నది. ముందుగాల మీ గుంత సూపియ్యి అన్న."

కాలేజీలో పరీక్షలు చాలానే నేర్చుకున్నాను. నమ్మాల్సిన మనిషి చేతనే పరీక్ష చేయించాలన్నది మాత్రం రాజవ్వ పెరట్లో నేర్చుకున్నాను.