బాపు తట్టి చూసిన వెదురు

మొన్న మా కోడలు పెరటి గోడ వెంట వెదురు పెడదామని పట్టుబట్టి, కరీంనగర్ నర్సరీకి నన్నూ వెంట తీసుకుపోయింది. పచ్చనిది, పసుపుపచ్చనిది, పొట్టిది, పొదలా పెరిగేది అంటూ నర్సరీ అతను వరసగా చూపిస్తుంటే, నేను నాకు తెలియకుండానే వంగి, ఒక్కో గడనూ వేలి మెటికతో తట్టి చెవి పెట్టి వింటున్నాను. కోడలు నవ్వు ఆపుకోలేక, తనకు నచ్చిన పసుపుపచ్చదేదో కొనేసింది. నేనేం చేయను, ఆ పిచ్చి నాకు మా నాన్న నుంచి వచ్చింది, ఆయన్ను మేం బాపు అనేవాళ్లం.

మన తరంలో బొగ్గుబాయి క్వార్టర్లలో పెరిగినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. బాయిలోకి, అంటే గనిలోకి దిగినవాళ్లు పని మొదలుపెట్టే ముందు నెత్తి మీది కప్పును కర్రతో తట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు, డబ్బుమంటే లోపల వదులైనట్టు. బాపుకు ఆ అలవాటు ఇంటిదాకా వచ్చేసింది. గుమ్మడికాయ, మంచం కోడు, కొత్త తలుపు, దేన్నీ తట్టకుండా లోపలికి రానిచ్చేవాడు కాదు. నన్ను చూడవచ్చిన పెళ్లికొడుకు ఒక్కడే ఎలాగో తప్పించుకున్నాడని అవ్వ, అంటే మా అమ్మ, బాపును చాలా ఏళ్లు ఏడిపించింది.

మాది మిషన్ చర్చికి పోయే కుటుంబం. డిసెంబరు వచ్చిందంటే బాపు వెదురు బద్దలతో క్రిస్మస్ చుక్క కట్టి, రంగు కాగితం అతికించి, లోపల బల్బు పెట్టి, పొడుగాటి బొంగు చివర దాన్ని క్వార్టర్ మీదికి ఎత్తేవాడు. సాయంత్రం పని ముగించి బాయి మీదికి రాగానే అది ఆయన కంట పడాలి, అంత ఎత్తు ఉండాలి. మిగతా రోజుల్లో ఇల్లు చేరేదాకా తెగని బెంగ, ఆ కొన్నాళ్లు మాత్రం బాయి గేటు దగ్గరే తీరిపోయేదట. కానీ ఏటా బొంగు కోసం ఊరంతా అడగాల్సి వచ్చేది. అందుకని పెరట్లో మన వెదురే పెంచుకుందామన్నాడు.

మా మేనమామది జైనూర్ దగ్గర పల్లె. తొలకరి పడగానే రెండు రకాల వెదురు దుంపలు తడి గోనెసంచిలో చుట్టుకుని బస్సు దిగాడు. ఒకటి లావుగా, లోపల బోలుగా పెరిగేది, ఇంకొకటి సన్నగా, లోపలంతా నిండి గట్టిగా ఉండేది. పెరట్లో చోటు ఒక్కదానికే. దుంపల మీద మిగిల్చిన గడలను బాపు తట్టాడు. బోలుదాని చప్పుడు వినగానే ముఖం మాడ్చుకున్నాడు.

"గిది డొల్ల. దీని కింద నా పిల్లల ఆడనియ్య."

"వెదురు డొల్లగుండక ఇంకెట్లుంటది? గిది నీ బాయి కప్పు గాదు. చుక్కను మోయనీకి అల్కగ, తేలిగ్గ ఉండాలె," అంది అవ్వ.

మేనమామ నవ్వాడే తప్ప మధ్యలోకి రాలేదు; బావతో వాదిస్తే భోజనం ఆలస్యమవుతుందని ఆయనకు తెలుసు. చివరికి గట్టిదే మా పెరట్లో పాతుకుంది. డొల్లదాన్ని అవ్వ పక్క క్వార్టర్ పెద్దమ్మకు ఇస్తే, ఆమె తన తులసిగద్దెకు అవతల, స్నానాల నీళ్లు పారే చోట నాటుకుంది. ఆ నీళ్లకు అది ఏపుగా లేచి, చూస్తుండగానే మా కప్పు దాటింది. బాపు మాత్రం అటు చూసేవాడే కాదు.

కొన్నేళ్లకు మా గడ కోతకొచ్చింది. ఆ డిసెంబరులో బాపు సంబరానికి హద్దు లేదు. చుక్కకు బద్దలూ దానివే, మోసే బొంగూ అదే. చీల్చేసరికి కత్తి మొండిబారింది, చుక్క బరువెక్కింది. ఎత్తి కట్టగానే గడ మెల్లగా వంగి వంగి, చుక్కను తీసుకుపోయి పెద్దమ్మ చిక్కుడు పందిరి మీద పెట్టింది. మేం పొట్టచెక్కలయ్యేలా నవ్వాం. మర్నాడు సాయంత్రం బాపు పని నుంచి వచ్చి, బాయి గేటు దగ్గర నిలబడి ఎంతసేపు చూసినా ఇల్లు కనబడలేదని నెమ్మదిగా అన్నాడు. అప్పుడు మాకు నవ్వు రాలేదు.

తెల్లవారి ఆయన బాయికి పోగానే, ఎవరూ అడక్కుండానే పెద్దమ్మ తన డొల్ల వెదురులో అన్నిటికన్నా పొడవైనది నరికింది. అవ్వా ఆమే పలుచని బద్దలతో చుక్కను మళ్లీ కట్టి, ఇద్దరే ఎత్తి నిలబెట్టారు. సాయంత్రం బాపు కంటే ముందు ఆయన గొంతు సందులోకి వచ్చింది.

"అగో, బాయి కాడ్నుంచే కనవడ్డదే!"

ఇల్లు చేరాక ఆ బొంగును ఆయన తట్టి చూడలేదు. దాని మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు, అంతే.

ఇప్పుడు మా అబ్బాయి ఆఫీసు నుంచి బయలుదేరితే దారిలో ఎక్కడున్నాడో ఫోనే చూపిస్తుంది. డిసెంబరులో దుకాణం నుంచి తెచ్చిన ప్లాస్టిక్ చుక్కను బాల్కనీకి తగిలిస్తాడు, అదీ రంగులు మారుస్తూ బాగానే వెలుగుతుంది. మా ఇంట్లో ఇప్పుడెవరూ నేల కిందికి దిగడం లేదు, అందుకు రోజూ దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంటాను. అయినా, దూరం నుంచి సొంత ఇల్లు కనబడినందుకే ఒక మనిషి అంత సంతోషంగా కేక వేయడం, మళ్లీ నేనెక్కడా వినలేదు.