మా అమ్మ అడిగిన పొయ్యి

నా చిన్నప్పుడు ఒక చలికాలం సిరిసిల్లలో సాంచాలు ఆగిపోయాయి. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. నేసిన గుడ్డ అమ్ముడుపోక గుట్టలు పడిందని, కొత్తగా నూలు కొనే దారి లేదని యజమానులు షెడ్లకు తాళాలు వేశారు. పగలూ రాత్రీ దడదడలాడే వీధుల్లో ఒక్కసారిగా మనుషుల దగ్గు వినిపించడం మొదలైంది.

మేం బహాయీ మతం వాళ్లం. ఊళ్లో బహాయీ కుటుంబాలు కొన్నే ఉండేవి. వాటిలో కొన్ని నేత పనివాళ్లవి, మిగతావి ఊరవతల మా కూలివాళ్ల వాడవి. పంతొమ్మిది రోజుల బహాయీ నెల మొదలైన రోజున ఎవరో ఒకరి ఇంట్లో అందరం కూడేవాళ్లం. ప్రార్థనలు చదువుకుని, మంచీ చెడూ మాట్లాడుకుని, చివర కలిసి తినేవాళ్లం. దాన్ని విందు అంటారు. మొదట్లో ప్రతి ఇల్లాలూ ఏదో ఒకటి వండి తెచ్చేది. మనుషులంతా ఒక్కటేనని ఒప్పుకుని వచ్చినవాళ్లమే అయినా, తరాల అలవాటు కొందరి చేతిని వెనక్కి లాగేది. ఒకసారి మా అమ్మ తెచ్చిన చిక్కుడుకాయ కూర తెచ్చినట్టే మిగిలింది.  తర్వాతి నెలలో ఎవరో, అందరికీ సులువుగా ఉంటుంది, చాయ్ బిస్కెట్లతో సరిపెడదామన్నారు. అందరూ తలూపారు. దుకాణంలో కొన్న బిస్కెట్ ఎవరి చేతి వంటా కాదు కదా. అలా మా విందులో వంట ఆగిపోయింది.

సాంచాలు ఆగాక నేత కుటుంబాలు ప్రార్థనలకు రావడం కూడా మానేశాయి. వాళ్లలో నేను పెద్దమ్మ అని పిలిచే ఒకామె కూతురు నాతో చదివేది. ఆ పిల్ల బడికి రావడం లేదని పిలవడానికి వెళ్లాను. ఆమె భర్త పెద్దనాయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పిల్ల లేచి కూర్చుంది కానీ నిలబడలేకపోయింది. పెద్దమ్మ నన్ను గడపలోనే ఆపి, "జరమొచ్చింది బిడ్డ, రేపొస్తది. మేం తిన్నం, నువ్ పో" అంది. తిన్నారా అని నేను అడగనే లేదు. ఆమె వెనక పొయ్యి కనిపించింది. ఎర్రమట్టితో అలికిన పొయ్యి మీద ముగ్గు చెదరకుండా ఉంది. నిప్పు రాజేస్తే ముగ్గు అలా ఉండదు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ, బాపు అప్పుడే చందుర్తి వైపు మక్కజొన్న కోయడానికి పోయి, కూలి కింద మక్కలే తెచ్చుకున్నారు. అవి మాకే ఎన్నాళ్లో రావు. అయినా అమ్మ విసుర్రాయి ముందు కూర్చుంది. బాపుకు అర్థమైంది. "నీ కూర ముట్టనోళ్లింటికి పోతవా?" అన్నాడు. అమ్మ విసిరిన రవ్వను గుడ్డలో మూట కట్టి, నన్నూ తమ్ముణ్నీ వెంటబెట్టుకుని బయల్దేరింది.

పెద్దమ్మ తలుపు సగమే తీసింది.

"అక్కా, మా పొయ్యి కూలింది. పోరగాండ్లు ఆకలిమీదున్నరు. జర నీ పొయ్యి మీద ఇంత గట్క చేసుకోనిస్తవా?" అంది అమ్మ.

మా పొయ్యి నిక్షేపంగా ఉంది. నేను నోరు తెరవబోతే అమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది.

పెద్దమ్మ నన్నూ తమ్ముణ్నీ మార్చి మార్చి చూసింది. తిండి ఇస్తామంటే తలుపు వేసేదేమో. పిల్లల ఆకలి చూపించి పొయ్యి అడిగితే కాదనలేకపోయింది. లోపలినుంచి పెద్దనాయన, "రమ్మను" అన్నాడు. అయినా అమ్మ గడప దాటలేదు. మూట పెద్దమ్మ చేతిలో పెట్టి అరుగు మీద కూర్చుంది. పెద్దమ్మ పొయ్యి రాజేసి ఎసరు పెట్టి రవ్వ పోసింది కానీ, గట్క గట్టిపడుతుంటే కలిపే సత్తువ ఆమె చేతుల్లో లేదు. కాసేపటికి తలుపు దగ్గరికొచ్చి, "నువ్ రా చెల్లె. నాతోని అయితలేదు" అంది. మా వాడ మనిషి ఆ ఇంటి పొయ్యి దగ్గరికి వెళ్లడం నేను చూడటం అదే మొదలు.

అందరం ఒకేచోట కూర్చున్నాం. గట్క, పచ్చిపులుసు. ఆ పిల్ల ఆత్రంగా మింగుతుంటే అమ్మ వీపు నిమురుతూ, "మెల్లగ బిడ్డ, కడుపుల నొస్తది" అంది. పెద్దమ్మ మాత్రం పళ్లెం ముట్టలేదు.

"ఆనాడు నీ కూర మేం ముట్టలే. యాదికున్నదా?"

"తిను అక్కా, సల్లారుతది."

రెండు ముద్దలు తిన్నాక పెద్దమ్మ ఎవరివైపూ చూడకుండా, "పొద్దుగాల ముగ్గురం బాయి కాడికి పోదామనుకున్నం" అంది. పెద్దనాయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నీళ్లకేమో అనుకున్నాను నేను. అమ్మ ఆమె పళ్లెంలో ఇంకొంత గట్క వేసింది.  ఆ మాటకు అర్థం నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

మరునాడు అమ్మ, పెద్దమ్మ కలిసి ఇంకో ఇంటికి వెళ్లారు. ఈసారి పొయ్యి కూలిందని పెద్దమ్మ చెప్పింది. ఆ తర్వాత ఇంకో ఇల్లు. అది అబద్ధమని అందరికీ తెలుసు, ఎవరూ కాదనలేదు. ఎవరింట్లో మిగిలిన పిడికెడు నూకలో, చింతపండో ఆ గిన్నెలోకే వచ్చేవి. ఆ నెల విందులో బిస్కెట్ల ఊసెత్తినవాళ్లు లేరు.

వీధి చివర మరో ఇల్లు ఉండేది. మక్కలు అయిపోవడంతో, బాపు కూలికి పోయి తెచ్చాక రేపు వెళ్దామనుకున్నారు. తెల్లవారేసరికి ఆ ఇంట్లోంచి ఏడుపు వినిపించింది. ఆ ఇంటి మనిషి ఇక లేడు. అమ్మ ఆ రోజు అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. "ఒక్క పూట ముందు పోతే" అని ఆమె చివరి రోజుల్లో కూడా అనేది. పెద్దమ్మ వాళ్లు కొన్నాళ్లకు పనికోసం భివండి వెళ్లిపోయారు. బతికారన్నదొక్కటే తెలుసు.

ఇప్పుడు నేను కోరుట్లలో మా బిడ్డ దగ్గర ఉంటున్నాను. కరోనా తర్వాత ఇక్కడి విందుల్లోనూ పొట్లాలు పంచి పంపించడమే అలవాటైంది. మళ్లీ కలిసి వండుకుందామని మొన్న పిల్లలు మాట పెట్టారు. వానలు తగ్గాక, పరీక్షలయ్యాక అంటూ లెక్కలు వేస్తున్నారు. భర్త గల్ఫ్ నుంచి ఫోన్ చేయడం మానేశాక ప్రార్థనలకు రాని ఒక బీడీలు చుట్టే అమ్మాయి ఇల్లు నా మనసులో మెదిలింది.

"ఎప్పటిసంది మొదలువెడదాం, అమ్మమ్మా?" అని ఒక పిల్ల అడిగింది.

"ఇయ్యాల్నే బిడ్డ. లేవుండ్రి" అన్నాను.

పెట్టడానికి వెళ్లేవాళ్లు అడగడానికి వచ్చినట్టు వెళ్లాలని అమ్మ దగ్గర నేర్చుకున్నాను. కానీ అంతకంటే లోతుగా నాలో దిగబడిపోయింది ఒక భయం. ఆకలిగొన్న ఇంటి సంగతి మాట్లాడేటప్పుడు రేపు అనే మాట ఇప్పటికీ నా నోట రాదు.