నాయన చెవిలో ఉండాల్సిన బిళ్ళ

దయ్యమనీ గాలి సోకిందనీ ఎవరైనా అంటే నాకు నవ్వు కంటే ముందు కోపం వస్తుంది. ధర్మవరంలో బోరు మోటార్లకు వైండింగ్ చేయడం నా పని. మోటారు ఆగిందంటే కాయిల్ కాలి ఉంటుంది, లేదా కరెంటు సరిగ్గా రాలేదు. మోటారుకు దిష్టి తగిలిందని ఏ రైతైనా మొదలుపెడితే, ముందు ఓల్టేజీ చూసుకో పోప్పా అని కసురుకునేవాణ్ణి. కాబట్టి ఇది చదివి నన్ను మూఢుడని అనుకోకండి. అనుకున్నా నేను చేయగలిగింది లేదు.

పాత ఫిల్మ్ కెమెరాల పిచ్చి నాకు ఈమధ్యనే పట్టింది. బెంగళూరులో ఆదివారం సంతకు పోయి ఒకటి కొనుక్కొచ్చాను. ఇనుప ముద్దలా బరువు. బటన్ నొక్కితే ఫోటో పడటానికి దానికి బ్యాటరీ అక్కర్లేదు. లోపల వెలుతురు కొలిచే చిన్న ముల్లు ఒకటి ఉంటుంది, అది కదలడానికి మాత్రం ఒక బిళ్ళ బ్యాటరీ కావాలి. ఆ బిళ్ళను పాదరసంతో చేసేవాళ్ళట, విషమని ఎప్పుడో ఆపేశారు.

అనంతపురంలో వాచీలు రిపేరు చేసే కొట్లన్నీ ఎక్కి దిగాను. ఒకాయన కంట్లో భూతద్దం తీయకుండానే, "అన్నా, నువ్వడిగేది మా నాయన కాలంలోనే దొరకకపాయ" అన్నాడు. చివరికి ఏదో వాచీ బిళ్ళ పెట్టి చూశాను. దాని ఓల్టేజీ కొంచెం ఎక్కువ. ముల్లు లేని వెలుతురును కూడా ఉన్నట్టు చూపించింది. రీలు కడిగిస్తే మా ఇంటిల్లిపాదీ మసి పూసుకున్నట్టు నల్లగా వచ్చాం. అమ్మ ఆ ఫోటోలు చూసి, పెళ్ళిచూపులకు ముందు ఇలాంటిది పంపి ఉంటే బతికిపోయేదాన్నని నాయన వైపు చూసి నవ్వింది.

చెవిటి మిషనుకు వేసే బిళ్ళ సరిపోతుందని, ఓల్టేజీ దాదాపు అదేనని ఇంటర్నెట్లో ఎవరో రాశారు. అది మా ఇంట్లోనే ఉంది. నాయన చేతి మగ్గం వదిలి పవర్‌లూముల్లో పనికి పోయాడు, ఆ చప్పుడుకు రెండు చెవులూ పోయాయి. మిషన్ పెట్టుకుంటే తప్ప పక్కనుంచి పిలిచినా పలకడు. ఆ బిళ్ళ మీద చిన్న స్టిక్కరు ఉంటుంది. అది పీకితే సన్నటి రంధ్రాల్లోంచి గాలి లోపలికి పోయి బ్యాటరీ మేలుకుంటుంది. ఒకసారి మేలుకున్నాక వాడినా వాడకపోయినా కొన్ని వారాల్లో అయిపోవాల్సిందే.

కెమెరాలో పెడితే అది వదులై గలగలలాడింది. నాయన దాన్ని తీసుకుని చుట్టూ పట్టు దారం చుట్టి ఇచ్చాడు. కొలిచి చేసినట్టు కూర్చుంది. ముల్లు పైకి లేచింది. "సచ్చినోడు లేసి కూసున్న్యాడు రా!" అని నాయన చప్పట్లు కొట్టాడు. అప్పటినుంచి మా ఇద్దరికీ అదొక ఆట. కెమెరాలో బిళ్ళ అయిపోతే నాయన తన చెవిలోది తీసి ఇచ్చేవాడు, ఫోటో తీశాక నేను తిరిగి ఇచ్చేవాణ్ణి. అంతసేపూ అమ్మ సైగలతో మాట్లాడేది, ఈ ముసలోడికి దీనివల్ల నా మాటల నుంచి కాస్త విశ్రాంతి అని నవ్వేది.

పోయిన చలికాలం అమ్మకు జ్వరం పట్టుకుంది. తగ్గలేదు. అనంతపురంలో ఆసుపత్రిలో చేర్చాం. నేనూ నాయనా మార్చి మార్చి ఉన్నాం. పక్క మంచం మీద ఉరవకొండ దగ్గరి పెద్దావిడ, ఆమెకు తోడు ఆమె కోడలు.

ఒక మధ్యాహ్నం కిటికీలోంచి వెలుతురు అమ్మ ముఖం మీద పడుతోంది. నేను కెమెరా ఎత్తి చూసి, ముల్లు కదలడం లేదని గొణుక్కున్నాను. నాయన చూశాడు. వెంటనే మిషన్ విప్పి బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు. "తీయి రా మీ యమ్మను. డాక్టరొస్తే నీతోనే కదా మాట్లాడేది, నాకీడ ఇనాల్సింది ఏముండాది?"

తీసుకున్నాను, దారం చుట్టి కెమెరాలో వేశాను. అమ్మ కొప్పు సర్దుకుని చిన్నగా నవ్వింది. ఒక ఫోటో తీశాను. అప్పుడే బిళ్ళ తీసి నాయనకు ఇచ్చేసి ఉంటే సరిపోయేది. ఇవ్వలేదు. మందులు తేవడానికి పోతూ కెమెరా మెళ్ళో అలాగే వేసుకుని పోయాను. మందుల షాపు ముందు పూలమ్మే ఆమె గంప నిండా కనకాంబరాలు, వాటి మీద ఎండ. అక్కడ నిలబడ్డాను. ముల్లు చూసుకుంటూ, ఆ పక్కకూ ఈ పక్కకూ జరుగుతూ, ఒకటి చాలక ఇంకొకటి తీశాను. ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

తిరిగి వచ్చేసరికి మంచం చుట్టూ నర్సులున్నారు. అమ్మ ఇక లేదు.

నాయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఏడవలేదు. "ఏందో సెప్పింది రా" అన్నాడు. "ఆ పక్కకు తిరిగి పండుకోనుండె. భుజం కదిలె. ఏందో మాట్లాడినట్టే ఉండె. నాకు ఇనపల్యా. సరేలే అని తల ఊపినా."

ఆ తర్వాత నాయనకు అదే ధ్యాస. పదకొండో రోజు కర్మకు వచ్చిన ప్రతి మనిషినీ అడిగాడు, అమ్మ ఏం చెప్పి ఉంటుందని. అన్నం ముందు కూర్చుని కూడా అడిగేవాడు. నీ బిళ్ళ అప్పుడు నా మెళ్ళో కెమెరాలో ఉంది నాయనా, అందుకే నీకు వినపడలేదు అని నేను బయటికే అన్నాను. "నేనే కదా ఇచ్చింది" అన్నాడు. అంతే.

కెమెరా మూటగట్టి బీరువా మీద పడేశాను. కొత్త బిళ్ళలు డబ్బా నిండా తెచ్చి నాయనకు ఇచ్చాను.

ఎండలు ముదిరాక ఒకరోజు నాయన షాపుకు వచ్చాడు. చేతిలో కెమెరా. "దీంట్లో బిళ్ళ తీసియ్యి" అన్నాడు. అది ఎప్పుడో చచ్చిపోయి ఉంటుందని చెప్పాను. మొండికేశాడు. "ఆ పొద్దు నా సెవిలో ఉండాల్సింది అదే కదరా. తీసియ్యి."

తీశాను. దారం ఇంకా చుట్టే ఉంది. నా పద్ధతి ప్రకారం మీటరు పెట్టి చూశాను. సున్నా. నాయనకు కూడా చూపించాను. ఆయన మీటరు వైపు చూడనే లేదు, దారం విప్పి బిళ్ళ మిషన్‌లో వేసి చెవికి పెట్టుకున్నాడు.

పట్టపగలు, నా బల్ల ముందు, నా కళ్ళెదుట జరిగింది ఇది. నాయన తల ఒక పక్కకు వంచాడు. ఎవరో నెమ్మదిగా మాట్లాడుతుంటే వినేవాడిలా కళ్ళు చిట్లించాడు. "ఆఁ... ఆఁ..." అన్నాడు. గబుక్కున లేచి గోడ మీద స్విచ్చు కోసం చెయ్యి చాపాడు. నా షాపులో ఫ్యాను లేదు.

తర్వాత కూలబడి భోరుమన్నాడు. "సలి పెడతాండాదంట రా. ఫ్యాను ఆపమనింది. అంతే అడిగింది. నేను తల ఊపి ఊరికే కూసుంటి."

మిషన్ తీసుకుని నా చెవికి పెట్టుకున్నాను. ఏమీ లేదు, కీచుమన్న చప్పుడు కూడా లేదు. మళ్ళీ మీటరు పెట్టాను. సున్నా.

అడిగీ అడిగీ ముసలాయన మనసే ఒక మాట పుట్టించుకుందని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. కొన్నాళ్ళు ఆ మాట మీదే బతికాను.

ఆ వానాకాలం ఉరవకొండ నుంచి ఒక జంట కాలిన మోటారు ఆటోలో వేసుకుని వచ్చారు. ఆమె నన్ను చూడగానే గుర్తుపట్టింది. పక్క మంచం కోడలు. కూర్చోబెట్టి టీ తెప్పించి, అడగకూడదనుకుంటూనే అడిగాను.

"మీ యమ్మ నా పక్కకు తిరిగి పండుకోనుండె అన్నా. పెద్దాయనకు వీపే కనపడతాండె. సలి పెడతాండాది, ఫ్యాను ఆపు అనింది. ఆయన తల ఊపె గానీ లేయకపాయ, గోడకానుకోని కండ్లు మూసుకోనె. నేనే లేసి ఆపి, నా దుప్పటి కప్పితి. సాలు తల్లీ, నువ్వు పో, కాసేపు పండుకో అనింది. ఆమె పోయినాక మీరు ఏడుస్తాంటిరి, యాడ సెప్పేది?"

వాళ్ళను పంపేసి, షాపు మూసి ఇంటికి పోయాను. నాయన ముందు కూర్చుని గట్టిగా చెప్పాను, పక్క మంచం అమ్మాయి ఫ్యాను ఆపి దుప్పటి కప్పిందట, అమ్మకు చలి తీరిందట అని. అంతవరకే చెప్పాను.

నాయన నా పక్కకు జరిగి కూర్చున్నాడు. "అట్లనా!" అన్నాడు. "ఆ పొద్దు నీ షాపులో ఇంకో మాట గూడా ఇనపడింది రా. నీకు సెప్పలా. సాలు తల్లీ, పో, కాసేపు పండుకో అనింది. మీ యమ్మ నన్ను తల్లీ అని ఎందుకంటాది? నాకు మతి పోయిందేమో అనుకుంటి."

ఆ అమ్మాయి ధర్మవరంలో మా ఇంటి ముఖం చూడలేదు. నాయన ఆసుపత్రి తర్వాత ఆమెను చూడలేదు. బిళ్ళలో కరెంటు లేదని నేనే కొలిచాను, రెండుసార్లు కొలిచాను. కాలిన మోటారు ఏదైనా తెచ్చి ముందు పెట్టండి, ఎందుకు కాలిందో చెబుతాను. ఇది మాత్రం ఎటునుంచి చూసినా నాకు అంతుచిక్కడం లేదు.

ఆ రోజు నాయన కడుపు నిండా తిన్నాడు. అమ్మ ఏం చెప్పిందని ఆ తర్వాత ఎవరినీ అడగలేదు. నేను పూల గంప ముందు నిలబడ్డ సంగతి ఆయనకు తెలుసు, రీలు కడిగించింది ఆయనే, అందులో అమ్మ ఫోటో తర్వాత అన్నీ ఆ పూలే. ఇంతవరకూ నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్కసారి చెంప పగలగొట్టినా బాగుండేది.